మెదడులో పెట్టే మెషిన్‌కి తాళం ఏది?

మెదడులో చిప్ పెట్టే ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ పేరెత్తితే చాలు, మన ఆలోచనలు చదివేస్తారా అన్న చర్చే. 2023లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు మనిషి వింటున్న కథ సారాంశాన్ని ఎఫ్ఎంఆర్ఐ అనే మెదడు స్కాన్ల నుంచి మాటల్లోకి తెచ్చాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. కానీ ఆ డీకోడర్ పనిచేయాలంటే మనిషి సుమారు 16 గంటలు మెషిన్‌లో పడుకుని కథలు వినాలి, మనసులో వేరే కథ చెప్పుకున్నా అది తడబడుతుంది. ఆ స్కాన్‌కి కనిపించేది రక్తంలో ఆక్సిజన్ మార్పు, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా.

అసలు ప్రమాదం ఇప్పటికే మనుషుల ఒంట్లో ఉంది. వణుకు జబ్బు పార్కిన్సన్స్‌కి చేసే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అనే చికిత్సలో మెదడు లోతుకి సన్నటి వైర్లు దించి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పెట్టె అమరుస్తారు. డాక్టర్ బయటి నుంచే కరెంటు పెంచుతారు, తగ్గిస్తారు. అది తేడా కొడితే మాట ముద్దగా వస్తుంది, వణుకు తిరగబెడుతుంది, కొందరిలో మూడ్ కూడా మారిపోతుంది. బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలా నరాలకు కరెంటు ఇచ్చే ఒక పరికరాన్ని (న్యూరోస్టిమ్యులేటర్) పరీక్షించి, దాని వైర్‌లెస్ సంకేతాలకు ఎన్‌క్రిప్షన్, అంటే వేరేవాళ్లు చదవకుండా వేసే డిజిటల్ తాళం లేదని, దగ్గరి నుంచి నకిలీ ఆదేశాలు పంపొచ్చని 2018లో బయటపెట్టారు.

ఎమర్జెన్సీలో ఏ డాక్టరైనా తెరవగలగాలి కదా, తాళం వేస్తే ప్రాణాలకే ముప్పు కదా అంటారు. న్యాయమైన మాటే, కానీ జవాబు కూడా ఆ పరిశోధకులే ఇచ్చారు: రోగి మెదడు సంకేతాల నుంచే తాళంచెవి పుట్టించి, చర్మాన్ని తాకిన పరికరానికే అది అందేలా చేయొచ్చన్నారు. మంచం పక్కనున్న డాక్టర్‌కి అందుతుంది, గది బయట నిలబడ్డవాడికి అందదు! అంటే దారి దొరకక కాదు, కంపెనీలను గట్టిగా అడిగేవాళ్లు లేక. అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉన్న డిక్ చెనీ 2007లోనే తన గుండె పరికరంలో వైర్‌లెస్ తీయించేసుకున్నారు. ఆయనకు చెప్పడానికి నిపుణులున్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో డీబీఎస్ చేయించుకున్న రైతుకి ఎవరు చెప్తారు?

చట్టం చెప్పాలి. చిలీ 2021లోనే మెదడు సమాచారానికి రాజ్యాంగ రక్షణ ఇచ్చింది, 2023లో అక్కడి సుప్రీంకోర్టు మెదడు సంకేతాలు చదివే హెడ్‌సెట్లు అమ్మే ఎమోటివ్ కంపెనీ దగ్గరున్న ఒక మాజీ సెనేటర్ మెదడు డేటాను తుడిచేయమంది. మన సుప్రీంకోర్టు అంతకంటే ముందే, 2010లో సెల్వి కేసులో, ఇష్టం లేకుండా బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలు కొలిచి నిజం రాబట్టే పరీక్ష) చేయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అలాంటి దేశం 2023లో డేటా చట్టం తెచ్చుకుంటూ సున్నితమైన సమాచారం అన్న ప్రత్యేక వర్గాన్నే వదిలేసింది. అంటే మీ ఫోన్ నంబరుకీ మీ మెదడు సంకేతానికీ ఆ చట్టం దృష్టిలో తేడా లేదు. ఆ వర్గాన్ని పార్లమెంటు వెనక్కి తేవాలి, తాళం లేని ఇంప్లాంట్‌కి మన దేశంలో అనుమతే ఇవ్వకూడదు.