చివరి అంకె మార్చి కొంప ముంచారు

నిన్న రాత్రి పదకొండైనా రుషికొండ ఆఫీసులోనే ఉన్నాను. మా ప్రోగ్రాంలో వాడే ఒక లైబ్రరీని (వేరేవాళ్లు రాసిచ్చిన రెడీమేడ్ కోడ్) 3.4.1 వెర్షన్ నుంచి 3.4.2కి మార్చానంతే. అందులో ఖాళీ లిస్టు ఇచ్చే ఫంక్షన్ ఇప్పుడు None (అంటే ‘ఏమీ లేదు’) ఇస్తోంది. పోర్టు లారీల బిల్లుల స్క్రీన్ మొత్తం ఎర్రగా ఎర్రర్లే!

చివరి అంకె మారితే బగ్ సరిచేశారని కదా నమ్ముతాం? పాత కోడ్ పనిచేయకపోతే మొదటి అంకె మార్చాలి. సెమాంటిక్ వెర్షనింగ్ అంటే అదే. లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ నంపై (NumPy) 2024 జూన్‌లో 2.0 తెచ్చినప్పుడు ఎన్నో పాత పేర్లు తీసేసింది. మా కోడ్‌లో వాటిని మార్చే పని మాకూ పడింది. కానీ దేనికి బదులు ఏది రాయాలో గైడ్ ఇచ్చింది. ఈ 3.4.2 వాళ్లు చేంజ్‌లాగ్‌లో (ఏమేం మార్చారో చెప్పే జాబితాలో) రాసింది ‘చిన్న మెరుగులు’ అని. ఒక్క వాక్యం రాయలేరా? మద్దిలపాలెంలో అమ్మ అన్నం తినకుండా నాకోసం కూర్చుంది.