పాంపేయి గోడలూ, తాగుబోతుల మద్దతూ

ఇటలీలో పాంపేయి శిథిలాలు చూడబోతే గైడ్లు అందరినీ ముందు ఫోరం కూడలికి, అక్కణ్ణుంచి స్నానశాలలకు తోలుకుపోతారు. నేను మాత్రం ఒక గోడ దగ్గర ఆగిపోయాను. గోడ మీద ఎర్రరంగు రాతలు కనబడితే తెలుగువాడి కాళ్లు ముందుకు పడతాయా? అనుకున్నట్టే అవి ఎన్నికల ప్రచారం.

రోమన్ల కాలంలో అక్కడ ఏటా ఎన్నికలే. పాత పేర్ల మీద సున్నం కొట్టడం, కొత్త పేర్లు రాయడం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద ఊరిని కప్పేయడంతో ఆ ఆఖరి విడత సున్నం పడకుండా మిగిలిపోయింది.

మార్కస్ కెర్రీనియస్ వాతియా అనే పెద్దమనిషి ఈడైల్ పదవికి నిలబడ్డాడు. వీధులు, బజార్లు చూసుకునే పదవి, అంటే మన మున్సిపాలిటీ పనే. మిగతా అభ్యర్థుల వెనక పళ్ల వ్యాపారులు, కంసాలులు వంటి మర్యాదస్తులున్నారు. వాతియాగారికి ఓటెయ్యమని అడిగిందెవరో తెలుసా? ఒక గోడ మీద "పొద్దుపోయేదాకా తాగేవాళ్లందరూ". ఇంకో గోడ మీద చిల్లర దొంగలు. మరోచోట "నిద్రపోయేవాళ్లందరూ".

ఇది ప్రత్యర్థులు చేసిన ఎగతాళి అని చాలామంది పండితుల అభిప్రాయం. నేను ససేమిరా ఒప్పుకోను. పండితులు మన వార్డు ఎన్నికలు చూసి ఉండరు. ఈ మూడు వర్గాలూ లేకుండా ఎవరు గెలిచారు కనక? కాకపోతే మన దగ్గర వీళ్లంతా ఫ్లెక్సీ మీద "అభిమానులు", "శ్రేయోభిలాషులు", "మిత్రబృందం" అనే పేర్లతో దాక్కుంటారు. పాంపేయిలో ఎవరి వృత్తి వాళ్లు చెప్పుకున్నారు. పారదర్శకత అంటే అదీ!

రాసే పెయింటర్‌కి కూడా అక్కడ గౌరవం ఉండేది. ఎమీలియస్ కెలెర్ అనేవాడు గ్లాడియేటర్ల పోటీల ప్రకటన రాసి, ఒంటరిగా వెన్నెల్లో రాశానని సంతకం పెట్టుకున్నాడు. కరెంటు పోయిన రాత్రి నిచ్చెనెక్కిన మనవాళ్లకు ఆ భాగ్యం ఏదీ?

ఈ గోలంతా చూసి ఒళ్లు మండినవాడొకడు, "గోడా, ఇంతమంది విసుగు రాతలు మోస్తూ ఇంకా కూలిపోలేదేమే" అని వాపోయాడు. అదీ గోడ మీదే రాశాడు.

కాబట్టి ఎన్నికల అధికారులకు నా విన్నపం. వచ్చేసారి ప్రతి ఫ్లెక్సీ మీదా మద్దతుదారుల అసలు వృత్తి రాయడం తప్పనిసరి చెయ్యండి. మా వార్డులో నిద్రపోయేవాళ్ల సంఘం తరఫున మొదటి సంతకం నేనే పెడతాను, పదకొండు దాటాక ఎప్పుడైనా రండి.