అలాస్కా కప్పకి లైకు, మన పల్లంలో కప్పకి మట్టి లారీ

వాన గట్టిగా పడిన మర్నాడు బెజవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుద్ది. నీళ్లు నిలిచిన ఖాళీ ప్లాట్లో, నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా పసుపుపచ్చగా మెరిసిపోయే కప్పలు, కింద "విషం అంట, ముట్టుకోకండి" అని ఒకరు, "అరిష్టం" అని ఇంకొకరు. విషమూ లేదు అరిష్టమూ లేదు, అది మన బావురుకప్పే. ఏడాదంతా బురదరంగులో పడుండే మగది, జతకట్టే ఆ కొద్ది రోజులే పసుపురంగుకి తిరుగుద్ది, అరిచేటప్పుడు గొంతు కింద రెండు నీలం సంచులు ఉబ్బుతాయి, పనైపోయాక మళ్లీ పాత రంగే.

ఇదే జనం అలాస్కా వుడ్ ఫ్రాగ్ రీల్‌కి మాత్రం దణ్ణం ఎమోజీ పెడతారు. దాన్ని తప్పుబట్టను, చలికాలం ఒంట్లో నీరు సగం పైగా గడ్డకట్టి గుండె ఆగిపోయి, లివర్ వదిలిన గ్లూకోజ్ కణాల్ని కాపాడితే మంచు కరిగాక లేచి గెంతే జీవి మరి.

నన్ను వదలనిది ఆస్ట్రేలియా కప్ప ఒకటి. 1973లో సైన్సుకి తెలిసింది, ఆడది గుడ్లు మింగేసి పొట్టలోనే పొదిగేది, అన్నం అరిగించే చోట పిల్లలు ఎలా బతికాయి అంటారా, గుడ్ల జిగురులో, పిల్లల్లో ఉన్న ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం యాసిడ్‌ని ఆపేసేది, తల్లి వారాల తరబడి పస్తు, చివరికి పిల్లలు నోట్లోంచి బయటికి. అల్సర్ మందుకి దారి చూపిస్తదేమో అని పరిశోధకులు ఆశపడ్డారు. 1981 తర్వాత అడవిలో మళ్లీ కనబడలేదు. 1984లో దాని చుట్టం ఇంకోటి దొరికింది, మరుసటేడుకే అదీ మాయం. వింత పూర్తిగా అర్థమయ్యేలోపే వింత చేసేది పోయింది.

బావురుకప్ప అంతరించే జాబితాలో లేదులే, అయినా దాని కథ ఆ నిలవ నీళ్లతోనే ముడిపడింది. గుంట ఎండేలోపు ఎదగాలి కాబట్టి దీని టాడ్‌పోల్‌లు, అంటే తోకతో ఈదే పిల్లలు, పక్కవాటినే తినేస్తాయి, అంత తొందర. ఒకప్పుడు వీటి కాళ్లు విదేశాలకి ఎగుమతయ్యేవి, 1987లో ఆపేశారు, అది మంచి పనే. పట్టేవాడి చేతి నుంచి కప్పని కాపాడాం గానీ గుంటని కాపాడే రూలు ఏదీ? 2024 బుడమేరు వరద చూశాక కూడా ప్లాటు కొనేవాళ్లు వాస్తు అడుగుతున్నారు, రోడ్డెన్ని అడుగులో అడుగుతున్నారు, ఈ పల్లానికి మెరకేస్తే ఇన్నాళ్లూ ఇక్కడ ఆగిన నీళ్లు ఎటు పోతాయని మాత్రం వెంచరాయన్ని ఒక్కరూ అడగట్లా.