నిప్పట్లను లోపలికి పంపారు, పుస్తకాన్ని వెనక్కిచ్చారు

మా అక్క కొడుకును చూసి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇది రాయకపోతే రాత్రికి నిద్ర పట్టదు.

వాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. తిరుపతి ఊరి బయట ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాడు. పేరు చెప్పను. మీ పిల్లకాయలు చదివేదీ దాదాపు అలాంటి చోటే కాబట్టి మీకు అర్థమైపోతుంది. ఆదివారం రెండు గంటలు ఇంటివాళ్లను రానిస్తారు. స్టీలు డబ్బా నిండా నిప్పట్లు, చింతకాయ పచ్చడి, రెండు జతల సాక్సులు, ఒక నవల తీసుకుని వెళ్లాను. గేటు దగ్గర ఫ్లోర్ ఇన్‌చార్జి బ్యాగు తెరిచాడు. నిప్పట్ల డబ్బా చూసి పక్కన పెట్టాడు. పచ్చడి సీసా మూత తిప్పి చూశాడు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ముఖం మారిపోయింది. గబగబా పేజీలు తిప్పి, అట్టలు రెండూ పట్టుకుని తలకిందులు చేసి దులిపాడు. లోపల గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్ రాలి కింద పడింది. దసరా సెలవుల్లో మా ఇంట్లో కొంత చదివి, ఎక్కడ ఆపాడో మర్చిపోకూడదని మా వాడు పెట్టుకున్న టికెట్ అది. "ఇది సిలబస్ కాదు కదా మేడమ్, వెనక్కి తీసుకెళ్లండి" అన్నాడు.

నేను ఏదో అనేలోపే వెనక నిలబడిన ఒకాయన అందుకున్నాడు. "ఆయన చెప్పింది కరెక్టేనమ్మా. ఎవరో అమెరికా పిల్లకాయల కథ మనోళ్లకెందుకు? జేఈఈ అయినాక చదువుకోనీ."

ఆ అమెరికా పిల్లకాయల కథ ఏమిటో చెప్తాను, వినండి. జాన్ నోల్స్ రాసిన 'ఏ సెపరేట్ పీస్'. 1959లో వచ్చింది. కథ జరిగేది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942లో, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, డెవన్ అనే మగపిల్లల బోర్డింగ్ స్కూల్లో. జీన్, ఫినీ ఒకే గదిలో ఉంటారు. జీన్ చదువులో ముందుంటాడు, క్లాసు ఫస్టు రావాలని వాడి పట్టుదల. ఫినీకి మార్కులు రావు గానీ ఆటల్లో వాడిని కొట్టేవాడు లేడు. ఒకరోజు ఫినీ సరదాపడి జీన్‌ను సైకిళ్ల మీద సముద్రానికి తీసుకుపోతాడు. రాత్రి ఇసుకలోనే పడుకుంటారు. పొద్దున వచ్చి రాసిన ట్రిగనామెట్రీ పరీక్షలో జీన్ ఫెయిలవుతాడు. జన్మలో ఎప్పుడూ ఫెయిల్ కాని పిల్లోడు. అప్పుడు వాడి మనసులో ఒక పురుగు దూరుతుంది. వీడు నన్ను కావాలనే చదవనివ్వడం లేదు, నేను పైకి రావడం వీడికి ఇష్టం లేదు అని. అక్కడి నుంచి ఫినీ ఏం చేసినా, ఎంత ప్రేమగా పిలిచినా, జీన్‌కు అందులో కుట్రే కనిపిస్తుంది.

ఇది అమెరికా కథా? ఇక్కడ ఏ హాస్టల్ గదికైనా వెళ్లి చూడండి. వారం వారం టెస్టు, నోటీసు బోర్డు మీద ర్యాంకు లిస్టు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు. పక్క మంచం మీద పడుకునేవాడే నీ పోటీ అని పిల్లోడికి పదిహేనేళ్లకే నూరిపోస్తున్నాం. రాత్రి పదకొండుకు స్టడీ అవర్ అయిపోయాక దుప్పటి కింద టార్చి పెట్టుకుని చదివేవాడు, అది చూసి నిద్ర పట్టక దొర్లేవాడు, ఇద్దరూ మన పిల్లలే.

పుస్తకంలో నన్ను కదిలించింది ఫినీ చెట్టు మీద నుంచి పడిపోవడం కాదు, దానికి కాసేపు ముందు జరిగేది. ఫ్రెంచి పరీక్షకు జీన్ చదువుకుంటుంటే ఫినీ వచ్చి నది దగ్గరికి రమ్మంటాడు. నన్ను చదువుకోనివ్వవా అని జీన్ విరుచుకుపడతాడు. ఫినీ బిత్తరపోతాడు. నీకు చదువు దానంతటదే వస్తుందనుకున్నాను, ఇంత కష్టపడతావని తెలియదు, ఉండి చదువుకో అంటాడు. అంతే. కుట్రా లేదు, కుళ్లూ లేదు. జీన్ ఇన్నాళ్లూ కొట్లాడింది తన నీడతోనే. అది తెలిసిన మరుక్షణమే ఇద్దరూ వెళ్లి నది పక్కనున్న చెట్టెక్కుతారు. కొమ్మ మీద జీన్ మోకాళ్లు వంగుతాయి, కొమ్మ ఊగుతుంది, ఫినీ పడతాడు, కాలు నుజ్జవుతుంది. ఆ కాలే చివరికి వాడి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకో చోటు కూడా చెప్పాలి. చెట్టు మీద నుంచి పడకముందు ఫినీ ఒకరోజు ఈత కొలనులో స్కూలు రికార్డు బద్దలు కొడతాడు. చూసింది జీన్ ఒక్కడే. ఎవరికీ చెప్పొద్దంటాడు ఫినీ. చేయగలనా లేదా అని తెలుసుకోవాలనుకున్నాడు, తెలుసుకున్నాడు, వాడికి అంతే చాలు. రిజల్ట్స్ వచ్చిన వారం మన తిరుపతిలో ఏ సర్కిల్ దగ్గరైనా తలెత్తి చూడండి. పాస్‌పోర్టు ఫొటోల్లో బిక్కముఖాలు, కింద కొండంత అంకెలు. ఆ హోర్డింగుల్లో లేని పిల్లలు అదే బస్సులో, అదే రోడ్డు మీద ఇంటికి పోతుంటారు. తమ్ముడు ఆ బోర్డు చూపిస్తే ఆ పిల్లోడికి ఎలా ఉంటుందో ఎవరైనా ఆలోచించారా?

నాకు తెలుసు ఎలా ఉంటుందో. నేనూ హాస్టల్ పిల్లనే. 1996 నుంచి 98 దాకా, చిత్తూరు దగ్గర, బైపీసీ. మా మేడమ్ ఒకామె మెస్సులో అందరూ పళ్లేల ముందు కూర్చున్నాక మార్కులు చదివేది. "నీకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది, చూడు. నువ్వు అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అనేది. ఆ 'చూడు' అన్నప్పుడల్లా నేను చూడాల్సింది నా పక్క మంచం పిల్లను. మా ఇద్దరి ట్రంకు పెట్టెలకూ ఒకటే తాళం. వాళ్ల జేజి పంపించిన నువ్వులుండలు సగం నావే. క్వార్టర్లీ పరీక్షలప్పుడు దానికి జ్వరమొచ్చి సిక్ రూంలో ఉంది. జువాలజీ పోర్షన్ మార్చారు. ఏం పోర్షన్ అని నన్ను అడిగింది. నేను పాత పోర్షనే చెప్పాను.

చెప్పేటప్పుడు మర్చిపోయానా, గుర్తుండే చెప్పానా అని ఇన్నేళ్లూ నన్ను నేనే అడుక్కుంటున్నాను. ఆ సారి నేనే ఫస్టు. మేడమ్ నా భుజం తట్టింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. నీరసంగా మెస్సుకొచ్చి నా పక్కనే కూర్చుని మజ్జిగన్నం తినింది. ఇంటర్ అయ్యాక మళ్లీ కలవలేదు. ఆ మేడమ్ మాత్రం బజారులో ఇప్పటికీ కనిపిస్తుంది, నేను పలకరించను. వయసులో పెద్దావిడ, అలా చేయకూడదని మా అమ్మ అంటుంది. నా వల్ల కాదు. పదహారేళ్ల పిల్లల మధ్య నాలుగు మార్కుల కత్తి పెట్టిన మనిషికి నేను నమస్కారం పెట్టలేను.

అప్పట్లో ఈ పుస్తకం నా చేతికొచ్చి ఉంటే నా లోపల పాకేది ఏమిటో నాకు తెలిసేది. దానికొక పేరుందని, ఇంకో పిల్లోడికీ అలాగే అనిపించిందని తెలిసేది. వెళ్లి ఆ పిల్ల చేతులు పట్టుకుని నిజం చెప్పేదాన్నేమో. హాస్టల్ నవలలు పిల్లలకు ఎందుకంటే ఇందుకే. అమ్మానాన్న పక్కన ఉండరు, రాత్రి పదకొండుకు వచ్చే దురాలోచనను ఎవరికీ చెప్పుకోలేరు. ఆ వేళ పనికొచ్చేది ఇలాంటి కథే. మన హాస్టళ్ల మీద, మన మెస్సుల మీద, మన యాసలో, పదిహేనేళ్ల వాళ్ల కోసం రాసిన నవలలు షాపుల్లో అడిగితే దొరకడం లేదు. అందుకే న్యూ హాంప్‌షైర్ దాకా పోవాల్సి వస్తోంది.

పిల్లోడిని ఇంకో పిల్లోడితో పోల్చొద్దని జీవితమంతా చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఎక్కడో కాదు, 1895లో మన మదనపల్లెలో. ఆయన పెట్టిన ఋషి వ్యాలీ బడి ఈ రోజుకీ ఆ ఊరి దగ్గరే ఉంది. తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చూసి రావచ్చు. ఆ మాట అంత దగ్గర నుంచి ఈ గేటు దాకా ఎందుకు రాలేకపోయింది?

బెల్లు కొట్టేముందు మా వాడు నిప్పట్ల డబ్బా చంకలో పెట్టుకుని, "చిన్నమ్మా, జీన్ ఆ కొమ్మను కావాలనే ఊపినాడా?" అని అడిగాడు. చెట్టు దగ్గరే ఆపాడట. నెలన్నర నుంచి అదే ఆలోచిస్తున్నాడట. జవాబు నా నోటి దాకా వచ్చింది గానీ చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు, వాడు చదివి తేల్చుకోవాల్సింది.

రాలిపోయిన బస్సు టికెట్ నేనే ఏరుకుని, పేజీ వెతికి మళ్లీ అక్కడే పెట్టాను. వచ్చే ఆదివారం ప్రిన్సిపాల్‌ను కలవకుండా రాను. కాదంటే ఆ రెండు గంటలూ గేటు పక్కన వేపచెట్టు కింద వాడిని కూర్చోబెట్టుకుని నేనే చదివి వినిపిస్తాను.