పావుగంట రిపీటర్ గారికి

మహారాజశ్రీ జేబు గడియారం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మీరు క్షేమమని తెలుసు. నా సంపాదనంతా మీ క్షేమానికే పోతోంది కదా.

నిన్న రాత్రి కరెంటు పోయింది. ఇంటినిండా చుట్టాలు, చిమ్మచీకటి. మీరు పుట్టిందే అలాంటి క్షణం కోసం. అగ్గిపుల్ల లేని కాలంలో దీపం వెలిగించకుండా, మంచం దిగకుండా, నొక్కగానే గంటలూ పావుగంటలూ మోగించి వేళ చెప్పడానికే మీ వంశాన్ని కనిపెట్టారు. ఆ పేటెంటు హక్కు నాదంటే నాదని లండన్‌లో క్వేర్, బార్లో అనే గడియారాల పనివాళ్లు తగాదా పడితే 1687లో రెండవ జేమ్స్ రాజే తీర్పు చెప్పాడు. బార్లో వాచీకి గంటలకొక నొక్కు, పావులకొక నొక్కు. క్వేర్‌ది ఒక్క నొక్కుతో రెండూ పలికింది, గెలిచింది. ఈ కథ చుట్టాలకు అప్పటికే రెండుసార్లు చెప్పాను. అందుకే "ఎవరూ ఫోను తీయకండి" అని గొంతెత్తి, మిమ్మల్ని మోగించే స్లయిడ్ తోశాను.

అందరూ లెక్కపెట్టారు. నాలుగు గంటలు, పావుకొకటి చొప్పున మూడుసార్లు టింగ్ టాంగ్. అంటే పావు తక్కువ ఐదు. భోజనాలు చేసి కడుక్కున్న చేతులు ఇంకా ఆరలేదు! బావమరిది ఫోను వెలిగించి "తొమ్మిదీ యాభై, బావా" అన్నాడు. ఎవరెవరు నవ్వారో చీకట్లో కనబడలేదు. అందరూ నవ్వారనే అనుకుంటున్నాను.

అమ్మినవాడు "వెంట్రుకంత" అన్న డయల్ చీలిక భూతద్దం కింద నదీపటంలా ఉంది. సర్దుకున్నాను. "శుక్రవారం ఇస్తాను" అన్న మెకానిక్ అది ఏ శుక్రవారమో చెప్పలేదు. అదీ సరే. కానీ ఈ నాలుగు ఏమిటండీ?

మీ కడుపులో "మొత్తం కొట్టు, లేదా అసలు కొట్టకు" అని శాసించే ముక్క ఒకటుంది. స్లయిడ్ తోసినప్పుడు లోపలి చేయి నత్తగుల్లలా మెట్లు తీరిన చక్రాన్ని తాకితేనే సుత్తులు కదలాలి. సగంలో ఆగితే మౌనం. నేను మెల్లగా తోశానట, పొద్దున ఫోన్ చేస్తే మెకానిక్ అంటాడు! మెల్లగా తోస్తే నోరు మూసుకోవడమే కదా ఆ ముక్క ఉద్యోగం? పిరికి బొటనవేళ్ల కోసమే కదా దాన్ని పెట్టింది? తెలియకపోతే ఊరుకో. తెలియకపోయినా ధైర్యంగా చెప్పడానికి మా చుట్టాలు చాలు, మధ్యలో నువ్వెందుకు?

పైగా ఆ గొంతొకటి! గంటగిన్నె తీసేసి ఉక్కుతీగ అమర్చిన ఆ గడియారాల పనివాడు బ్రెగేను అనాలి. అంత తియ్యగా చెబితే అబద్ధమని ఎవరు అనుకుంటారు?

అర్ధరాత్రి దాటాక కరెంటు వచ్చింది. నేను లైటు ఆర్పేసి, ముసుగు తన్ని, వేలు నొప్పి పుట్టేలా తోశాను. ఒక గంట, ఒక టింగ్ టాంగ్. ఫోను చూస్తే ఒకటీ ఇరవై. పెద్ద ఘనకార్యమేమీ కాదులే, ఒంటిగంటప్పుడు తప్పు కొట్టడానికి నీకు చోటెక్కడిది? తీగ మోత పూర్తిగా అణిగేదాకా విని, మళ్ళీ తోశాను.

ఇట్లు,
రేపు నిన్ను మళ్ళీ మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లబోయే కూలివాడు