శుభలేఖ ఒక్కరికే

మా ఆఫీసులో భద్రత విషయంలో రాజీ పడే ప్రసక్తే లేదు. బయటి లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఏది వాడాలన్నా 14 పేజీల ఫారం నింపి కమిటీ ముందు పెట్టాలి. కమిటీ గురువారం కూర్చుంటుంది. ఆ గురువారం సెలవైతే పై గురువారం.

ఈమధ్య గ్రాఫులు గీసే చిన్న లైబ్రరీ ఒకటి కావాల్సొచ్చింది. ఫారంలో 'విక్రేత జీఎస్టీ నంబరు' అని ఒక గడి ఉంది. ఆ లైబ్రరీ రాసినాయన దాన్ని ఏ రాత్రి భోజనాలయ్యాక రాశాడో ఏమో, లోకం మీదికి ఉచితంగా వదిలేశాడు. 'వర్తించదు' అని రాశాను. 'ఎందుకు వర్తించదో వివరించగలరు' అని తిరిగొచ్చింది. వివరించాను. ఆరు వారాలకు సంతకం పడింది.

లైబ్రరీలను దించుకునే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టాను. శుభలేఖ ఇచ్చింది ఒక్కరికి, అది ఆధారపడే లైబ్రరీలు, వాటి చుట్టాలు కలిపి బండి దిగింది 212 మంది! వియ్యంకుడి బావమరిది పక్కింటాయనతో సహా. వాళ్లలో ఒక్కరినీ జీఎస్టీ అడగలేదు. అడుగుతూ కూర్చుంటే ముహూర్తం దాటిపోదూ?

ఆ పక్కింటాయన్ని తేలిగ్గా తీసుకోకండి. 2016 మార్చిలో ఎన్‌పీఎంలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని, అంటే లైబ్రరీని, రాసినాయన, వేరే గొడవలో ఒళ్లుమండి తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. జావాస్క్రిప్ట్ కోడ్‌ను పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే బేబెల్ లాంటి పెద్దవాళ్లు దాని మీదే నిలబడి ఉన్నారని అప్పుడు తెలిసింది. ఎక్కడికక్కడ బిల్డులు (కోడ్‌ను ప్రోగ్రాంగా కూర్చే పని) ఆగిపోయాయి. ఇంతకీ అది చేసే పని, అక్షరాలకు ఎడమపక్క ఖాళీలు పెట్టడం.

మా కమిటీ గొప్పతనం మాత్రం 2021 డిసెంబరులో చూడాలి. ప్రోగ్రాం చేసే పనుల చిట్టా (లాగ్) రాసే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో లోపం బయటపడింది. లాగ్‌లోకి ప్రత్యేకంగా కూర్చిన ఒక వాక్యం ఎక్కిస్తే చాలు, ఎవడైనా మన సర్వర్లో వాడి కోడ్ నడపొచ్చు. తీవ్రత 10కి 10. "మన దగ్గరుందా?" అని పైనుంచి ఫోన్. కమిటీ ఆమోదించిన లైబ్రరీల ఎక్సెల్ షీటు తెరిచాం. లేదు. హమ్మయ్య అనుకుని టీకి వెళ్లాం. షీటులో లేనిది సర్వర్లోకి ఎలా వస్తుంది?

అర్ధరాత్రి స్కాన్ చేస్తే 40 చోట్ల దొరికింది. ఎప్పుడో కొన్న సాఫ్ట్‌వేర్‌లో, జార్ ఫైలు (జావా కోడ్ మూట) లోపల ఇంకో జార్ ఫైలులో, ముసుగుతన్ని పడుకుని ఉంది.

లోపం సరిచేసిన 2.15 వెర్షన్ వేస్తే సరిపోతుందన్నారు. అర్జంటు అని ఎర్ర అక్షరాలతో ఫారం పెట్టాం. అది సంతకాలు తిరుగుతుండగానే, 2.15 చాలదని 2.16 వచ్చింది, వెనకాలే 2.17 వచ్చింది. రెండో గురువారం కమిటీ కూర్చుని, అందరూ ఒక్కమాట మీద 2.15ను ఆమోదించారు. 2.17 కావాలంటే కొత్త ఫారం పెట్టుకోమన్నారు, జీఎస్టీ నంబరుతో సహా.