పొద్దున కళ్లలో ఎండ, సాయంత్రం కళ్లలో ఎండ

"పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేద్దాం." హైదరాబాద్‌లో స్థిరపడిన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ల ఇళ్లలో ఈ మాట వినని నెల ఉండదు. పెళ్లి, గృహప్రవేశం, స్థలం రిజిస్ట్రేషన్, అమ్మవారి దర్శనం, ఆసుపత్రిలో ఉన్న పెదనాన్న, కారణం ఏదైనా కావచ్చు. విజయవాడ 275 కిలోమీటర్లు. నాలుగు లేన్ల రోడ్డు, నాలుగు గంటలు. పోను నాలుగు, రాను నాలుగు, మధ్యలో రోజంతా మనదే అనుకుంటాం. ఈ లెక్క తప్పుతుందని అందరికీ తెలుసు, అయినా ప్రతిసారీ ఇదే వేస్తాం.

లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం. మియాపూర్‌లో ఉండే మనిషికి ప్రయాణం ఎల్బీనగర్‌లో మొదలు కాదు, ఇంటి గేటు దగ్గర మొదలవుతుంది. ఆఫీసుల వేళ అయితే ఊరు దాటడానికే గంటన్నర. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ మీదుగా పెద్దఅంబర్‌పేటలో దిగితే దూరం పెరుగుతుంది, ఇంకో టోల్ పడుతుంది, కానీ ఎంత సేపు పడుతుందో ముందే చెప్పగలం. ఒక్క రోజులో వెళ్లి రావాలనుకునే వాడికి పది నిమిషాలు తగ్గడం కంటే ఇదే ఎక్కువ. పెద్దఅంబర్‌పేట దాటాక చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట. సరిగ్గా అక్కడికి సగం దారి. ఆ తర్వాత మునగాల, కోదాడ, పాలేరు వాగు దాటితే ఆంధ్ర. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర అని నాలుగు టోల్‌గేట్లు.

కొత్తగా బండి కొన్నవాళ్లు వేగంతో టైము కలిసొస్తుందనుకుంటారు. ఖాళీగా దొరికే రోడ్డు ఒక 200 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 90 మీద వెళ్తే 2 గంటల 13 నిమిషాలు, 110 మీద వెళ్తే 1 గంట 49 నిమిషాలు. తేడా 24 నిమిషాలు. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగి, పెసరట్టు వచ్చేలోగా పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లొచ్చేసరికే ఆ 24 నిమిషాలు హరించుకుపోతాయి. ఈ రోడ్డును ఆరు లేన్లు చేస్తే కష్టాలన్నీ తీరతాయని అనేవాళ్లకు కూడా ఇదే లెక్క చూపించాలి. ఆరు లేన్లు కావాలి, కానీ ప్రాణాల కోసం. సర్వీస్ రోడ్డు లేక ట్రాక్టర్లు ఎదురొచ్చే చోట, డివైడర్ సందులోంచి మోపెడ్ మీద పచ్చగడ్డి మోపుతో మనిషి దాటే చోట అవి అవసరం. మన నాలుగు గంటలు మూడవడానికి కాదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఒక్కరోజు ప్రయాణాన్ని వెనక నుంచి వేసుకోవాలి. ఎన్నింటికి బయల్దేరాలన్నది తర్వాత, విజయవాడలో తిరిగి ఎన్నింటికి కారెక్కాలన్నది ముందు తేల్చుకోవాలి. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. తెల్లవారుజామున 4 గంటలకు అలారాలు పెడతాం, రాత్రే డిక్కీలో సంచులు సర్దుతాం, టైర్లలో గాలి కూడా చూస్తాం. తిరుగు ప్రయాణం దగ్గరకొచ్చేసరికి "భోజనాలయ్యాక బయల్దేరదాం" అని వదిలేస్తాం. భోజనాలయ్యాక ఏమవుతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

మూడేళ్ల కిందట జ్యేష్ఠమాసంలో గొల్లపూడిలో మా మేనత్త వాళ్ల గృహప్రవేశం. 4 గంటలకల్లా కారెక్కాలని ఇంట్లోనే అనుకున్నాం. భోజనాలు 2 కి అయ్యాయి. అక్కడి నుంచి పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డలు, "కాఫీ తాగకుండా ఎలా వెళ్తారు" అన్న నిష్టూరం, కొత్తావకాయ సీసాకు మూత బిగుసుకోలేదని ఇంకో సీసా వెతకడం. స్టీరింగ్ ముందు మా బావ కూర్చునేసరికి 6 గంటల 10 నిమిషాలు. ఇబ్రహీంపట్నం దాటే వరకు సూర్యుడు అద్దంలో వేలాడుతూనే ఉన్నాడు. బావ సన్‌షేడ్ దించి, దాని కింద నుంచి మెడ వంచి రోడ్డు చూస్తున్నాడు. జగ్గయ్యపేట వచ్చేసరికి చీకటి పడింది. వెనక సీట్లో అందరూ నిద్ర. నేను ముందు సీట్లో ఉండి కూడా కునుకు తీశాను. మెలకువ వచ్చి, "బావా, మునగాల వస్తోందా?" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత రోడ్డు పక్క బోర్డు ఒకటి చూసి, "దాటిపోయినట్టున్నాం రా" అన్నాడు. ఎప్పుడు దాటామో ఆయనకు తెలియదు. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, మునగాల మాత్రం ఆయన చూడలేదు.

మా బావ కారు బాగా నడుపుతాడు. ఆ రోజు పొద్దున 4 కి లేచాడు, నాలుగున్నర గంటలు నడిపాడు, ఎండలో షామియానా కింద కూర్చున్నాడు, పప్పు, పులిహోర, బొబ్బట్లు తిన్నాడు, మళ్లీ నడుపుతున్నాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం అని 1961 లో ఒకటి వచ్చింది. బస్సు, లారీ డ్రైవర్ల చేత మామూలుగా రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదని, 5 గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉండేది. 2025 లో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చింది. రోజూ అదే పని చేసేవాళ్లకు పెట్టిన హద్దు అది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనం ఆదివారం 550 కిలోమీటర్లు, తొమ్మిది పది గంటలు నడుపుతాం. సొంత కారుకు అలాంటి చట్టం వర్తించదు. నిద్రకు మాత్రం అందరూ ఒకటే.

ఇక ఎండ సంగతి. ఈ రోడ్డు మీద తరచూ తిరిగేవాళ్లకు ఇది అనుభవంలో ఉంటుంది, కారణం ఎప్పుడూ ఆలోచించి ఉండరు. హైదరాబాద్ నుంచి చూస్తే విజయవాడ తూర్పున, కాస్త ఆగ్నేయానికి వాలి ఉంటుంది. దక్షిణాయనం చివర్లో, అంటే మార్గశిర, పుష్య మాసాల్లో సూర్యుడు ఉదయించేది కూడా దాదాపు ఆ మూలనే. సంక్రాంతి రోజుల్లో పొద్దున 7 కి నార్కట్‌పల్లి దాటుతుంటే సూర్యుడు రోడ్డు చివర నిలబడినట్టు ఉండేది అందుకే. అప్పటిదాకా మంచు, అది విడిపోగానే ఈ వెలుగు. వేసవిలో తిరగబడుతుంది. వైశాఖ, జ్యేష్ఠాల్లో సూర్యుడు వాయవ్యం వైపు అస్తమిస్తాడు, విజయవాడ నుంచి హైదరాబాద్ ఉన్నదీ అటే. పెళ్లిళ్ల కాలంలో సాయంత్రం తిరుగు ప్రయాణం మొత్తం ఎదురెండలోనే. మిగతా నెలల్లో సూర్యుడు కాస్త పక్కకు జరిగినా రెండు పూటలా మన అద్దంలోనే ఉంటాడు. విజయవాడ వాళ్లు పొద్దున హైదరాబాద్ వచ్చి సాయంత్రం వెళ్లిపోతే వాళ్లకు ఎండ రెండుసార్లూ వీపు మీదే. రైలు కూడా వాళ్లకు కలిసొస్తుంది. శాతవాహన ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే విజయవాడలో బయల్దేరి, సాయంత్రం హైదరాబాద్ నుంచి వెనక్కి వెళ్తుంది. ఒక్క రోజులో వెళ్లి రావడం అనే ఏర్పాటు వాళ్లకు బాగా కుదిరింది. మనం దాన్ని తిరగేసి వాడుకోవాలని చూస్తున్నాం.

ఎండ పోయాక వచ్చేది ఇంకా చెడ్డది. సంధ్య పడే గంట. అప్పుడే గేదెలు ఇళ్లకు మళ్లుతాయి, పొలం నుంచి ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి, వాటి ట్రాలీలకు వెనక లైట్లు ఉండవు. కోతల కాలంలో సర్వీస్ రోడ్ల మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. సాయంత్రం రాశి కుప్పగా చేసి పట్టా కప్పుతారు, నల్ల పట్టా, దాని మీద కూడా రాళ్లే. రైతును తప్పు పట్టడం తేలిక, కానీ కల్లం లేని వాడు వడ్లు ఎక్కడ ఆరబోయాలి? అన్నిటికంటే భయపడాల్సింది ఇండికేటర్ కూడా వేయకుండా ఎడమ పక్కన ఆపిన లారీ. ఎదుటి నుంచి హైబీమ్ కొడుతుంటే ఆ లారీ దగ్గరకొచ్చే దాకా కనిపించదు.

కాబట్టి విజయవాడలో మధ్యాహ్నం 3 కి కారెక్కాలి. 3 అంటే 3. అప్పుడు నాలుగున్నరకు కోదాడ, అయిదు దాటాక సూర్యాపేటలో అరగంట టీ, వేసవి అయితే చీకటి పడే వేళకు చౌటుప్పల్. అక్కడి నుంచి ఊళ్లూ దీపాలూ ఎక్కువ, లారీల కంటే కార్లు ఎక్కువ. ఆదివారమైతే హయత్‌నగర్ దగ్గర ఎలాగూ ఇరుక్కుంటాం, కానీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎవరూ పోరు. ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఇప్పుడు వెనక్కి లెక్క వేయండి. పొద్దున 5 కి బయల్దేరి పదింటికి ఊళ్లో దిగితే మీ చేతిలో ఉన్నది 5 గంటలు. రోజంతా కాదు. అయిదు గంటల్లో ఒక్క పని అవుతుంది. పెళ్లికి వెళ్తే పెళ్లే. కొండెక్కి దర్శనం, బీసెంట్ రోడ్డులో చీరలు, మంగళగిరిలో ఉన్న చిన్నాన్న, ఇవన్నీ "ఎలాగూ వెళ్తున్నాం కదా" జాబితాలోవి. ఒక్కొక్కటీ గంట తింటుంది, ఆ గంట మనం మునగాల దగ్గర చీకట్లో తీర్చుకుంటాం.

మూడింటికి కుదరని పనులూ ఉంటాయి. సాయంత్రం రిసెప్షన్, రాత్రి ముహూర్తం. అలాంటప్పుడు ఒక్కరోజు అన్న మాటనే మార్చుకోవాలి, దానికి టోల్ నిబంధనలే దారి చూపిస్తున్నాయి. జాతీయ రహదారుల మీద అటూ ఇటూ వెళ్లొస్తే రెండు టోళ్లకు బదులు ఒకటిన్నర టోలు తీసుకుంటారు. ఫాస్టాగ్ ఉంటే అది దానంతట అదే లెక్క కడుతుంది. షరతు ఏమిటంటే 24 గంటల్లో తిరిగి రావాలి. అర్ధరాత్రి 12 లోగా అని కాదు. శనివారం మధ్యాహ్నం 2 కి పంతంగి దాటి, సాయంత్రం రిసెప్షన్ చూసుకుని, రాత్రి అత్తగారింట్లో పడుకుని, ఆదివారం పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం 2 లోగా మళ్లీ పంతంగి దాటేస్తాం. చూసుకోవాల్సింది పంతంగినే. వెళ్లేటప్పుడు మొదటిదీ, వచ్చేటప్పుడు ఆఖరిదీ అదే. ఈ ఏర్పాటులో ఏ రోజూ అయిదు గంటలకు మించి నడపరు, చీకట్లో నడపరు. తరచూ తిరిగేవాళ్లకు ఈ గొడవ కూడా లేదు. 2025 ఆగస్టు 15 న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్‌తో 200 సార్లు టోల్‌గేట్లు దాటవచ్చు, ఆ ధరకు లెక్కేస్తే గేటుకు 15 రూపాయలు, ఎనిమిది గేట్లకు 120. ఔటర్‌కు మాత్రం అది పనికిరాదు, అది జాతీయ రహదారి కాదు.

మిగతావి చిన్నవి. ఆంధ్రలో పెట్రోలు కాస్త ఎక్కువ కాబట్టి కోదాడ దాటకముందే ట్యాంకు నింపుకుంటారు. ఎలక్ట్రిక్ కారుకు తిరుగు ప్రయాణానికి చార్జింగ్ విజయవాడలోనే చూసుకోవాలి, ఎలాగూ అక్కడ బండి అయిదు గంటలు ఖాళీగా ఉంటుంది. వానల్లో వెళ్లేవాళ్లు వాగుల సంగతి అడిగి బయల్దేరాలి. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి సరిహద్దు దగ్గర రోడ్డు తెగింది. రెండుసార్లూ బళ్లను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపారు. ఆ దారి తెలిసి ఉండటం మంచిదే, కానీ ఒక్కరోజు ప్రయాణం ఆ దారిన కుదరదు. అలాంటి రోజు ఇంట్లో ఉండటమే ప్లాను.

ఇక చుట్టాలు. వీళ్లను ఏ మ్యాపూ చూపించదు. మూడింటికి లేస్తామంటే నొచ్చుకుంటారు, అలా నొచ్చుకోవడం వాళ్ల మర్యాద. ఆ క్షణంలో చెబితే వినరు. నేనిప్పుడు ముందు రోజే ఫోన్ చేసి, "అత్తయ్యా, మేం రెండున్నరకు లేస్తాం, సీసాలు పొద్దున్నే డిక్కీలో పెట్టించు" అంటున్నాను. రెండున్నర అంటే మూడవుతుంది.

మాఘమాసంలో మళ్లీ పెళ్లి ఉంది, ఈసారి పెనమలూరులో. నడిపేది నేనూ బావా చెరి సగం, సూర్యాపేటలో మార్చుకుంటాం. బావ ఒక షరతు పెట్టాడు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా సరే, మునగాల రాగానే వాడు పైకి చెప్పాలట.